పసుపు చూసి ఆగిన లారీ

“పెద్దబాపూ, ప్లాటు కాడ పిన్ను పెట్టిన. సూసుకుంట వచ్చెయ్” అని సునీల ఫోనులో చెప్పింది. ఆ మాట బోరు లారీ ఇంజను మోతలో నలిగి మల్లేశ్వర్ చెవికి చేరేసరికి ‘పిన్నిని పెట్టిన’ అయింది.

“ఎప్పటి సంది పెట్టినవ్ బిడ్డా?”

“పొద్దుగాల్లనే పెట్టిన.”

“గింత ఎండలనా! జర నీడకన్న కూసోబెట్టకపోయినవ్?”

“పిన్నుకు నీడేంది పెద్దబాపూ?”

“మనిషే గదా తల్లీ! నీళ్ళ సీసన్న ఇచ్చినవా?”

షంషాబాద్‌లో అమ్మ చెల్లెలిని చిన్నమ్మ అంటారు గానీ పిన్ని అనరు. ఆ సంగతి మల్లేశ్వర్‌కు తెలియక కాదు. సునీల ఎయిర్‌పోర్టులో కొలువు చేస్తుంది కదా, అక్కడ కోస్తా పిల్లలతో తిరిగి తిరిగి ఆమె భాష కూడా విమానం ఎక్కిందేమో అనుకున్నాడు. సునీల తల్లికి అసలు చెల్లెళ్ళే లేరని గుర్తొచ్చేలోపే ఫోనులోంచి నలుగురు ఆడపిల్లల నవ్వు గొల్లున వినిపించింది. సునీల ఫోను స్పీకరులో ఉంది. ఇటుపక్క స్టీరింగు మీద నుదురు ఆనించి లారీ డ్రైవరు శివ కూడా కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

“పిన్ని కాదన్నా, పిన్ను! ఫోన్ల ఎర్రగ బొట్టు లెక్క కనబడతది సూడు, గదే మనం పోవాల్సిన జాగ. నీళ్ళ సీస తాగదది.”

మల్లేశ్వర్ మొహం కూడా ఎర్రగా బొట్టులాగే అయింది. “నాకెర్కలేదా? పోరితోని పరాచికాలాడిన” అని మీసం సర్దుకున్నాడు. మీసం అయితే సర్దుకుంది, సిగ్గు సర్దుకోలేదు. ఫోనుల్లో అప్పుడప్పుడు సిగ్నలు పోతుంది గానీ, మనిషికి ఒకసారి పట్టిన సిగ్గు అంత తేలిగ్గా పోదు.

అందులోనూ ఆయన మామూలు మనిషి కాదు. షంషాబాద్ చుట్టుపక్కల ఎవరికి బోరు వేయాలన్నా మొదట మల్లేశ్వర్‌కే కబురు వస్తుంది. లారీని మాట్లాడేది, దారి చూపేది, బోరు వేయడానికి గుర్తు పెట్టిన పాయింటు దగ్గర నిలబడి నీళ్ళు పడేదాకా కదలనిదీ ఆయనే. బోరు కొట్టించడంలో ఎంత దిట్టో, కబుర్లతో బోరు కొట్టకుండా ఉండటంలోనూ అంత దిట్ట. ఒకప్పుడు ఈ మండలంలో ఏ బాట ఎటు పోతుందో, ఏ బాట ఎటూ పోకుండా ఎవరి జొన్నచేనులో ఆగిపోతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. తర్వాత ఎయిర్‌పోర్టు దిగింది. దాని చుట్టూ ఔటర్ రింగు రోడ్డు లేచింది. ఆయనకు తెలిసిన బాటలన్నీ ఎక్కడికక్కడ తెగి, గోడలకు గుద్దుకుని ఆగిపోయాయి. ‘రేపు కాకపోతే మాపు చేరతాం’ అని నిమ్మళంగా బతికిన మనిషి చేతిలోకి జనం మ్యాపు పెట్టారు. రేపు, మాపు, మ్యాపు అంటూ అందరినీ నవ్వించేవాడు గానీ, ఆ నవ్వు కింద ఒక దిగులు ఉంది. పుట్టిన ఊరి పక్కన తను దారి తప్పుతున్నాడని ఎవరికీ తెలియకూడదు. అదీ దిగులు.

ఈ రోజు ఆ దిగులు రెట్టింపు. ఎందుకంటే బోరు జ్ఞానదాసు ఇంటిది. షంషాబాద్ బజారులో కుట్టుమిషను పెట్టుకున్న జ్ఞానదాసూ మల్లేశ్వరూ చిన్నప్పుడు ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళు. ఏటా క్రిస్మస్‌కు జ్ఞానదాసు ఇంట్లో మొదటి విస్తరి మల్లేశ్వర్‌దే. జ్ఞానదాసు కూతురు సునీల తన జీతంలో మిగిల్చి, రావిర్యాల దాటాక కొత్తగా వేసిన వెంచర్లో చిన్న ప్లాటు కొన్నది. తల్లి లీలమ్మకు అది మొదటి నుంచీ ఇష్టం లేదు. “మనిషి మొకం కనబడని కాడ జాగ కొన్నది. ఫోన్ల సూసి కొన్నదో ఏమో!” అని రోజూ సణుగుడే. చివరికి జ్ఞానదాసు ఒక మాట అన్నాడు: “బోరేద్దాం. నీళ్ళు పడితే ఇల్లు కడదం. పడకపోతే అమ్మేద్దం.” సునీల ఇల్లంతా ఇప్పుడు ఆ బోరు మీద నిలబడి ఉంది. అందుకే ఆమె మల్లేశ్వర్‌కే చెప్పింది. “నువ్వు నిలబడితే నీళ్ళు పడతయ్ పెద్దబాపూ” అంది.

“ఫోను బంద్ చెయ్” అన్నాడు మల్లేశ్వర్ శివతో. “జీపీఎస్ అంటే ఏందనుకున్నవ్? జర పోయి సూడు! పోయి సూస్తే ఎర్కైతది. నడు, తుక్కుగూడ మీదికెల్లి తోల్కపోత.”

పోయి చూశారు. ఔటర్ కింద సర్వీసు రోడ్డు పట్టుకుని, ఒక వంతెన కింద దూరి, మరో వంతెన చుట్టూ తిరిగి, ఎడమకు పోయి, మళ్ళీ ఎడమకు పోయి, బయలుదేరినప్పుడు చాయి తాగిన హోటలు ముందుకే వచ్చి ఆగారు. చాయి పోసే ఆయన గ్లాసులు కడుగుతూ, “ఏందన్నా, చాయి గంత మంచిగున్నదా?” అన్నాడు.

ఔటర్‌లో తిరిగితే మనిషి ఔటే. మల్లేశ్వర్ మాట్లాడకుండా అటు తిరిగి, వేలితో ఫోను వైపు చూపించాడు. శివ నవ్వు బిగపట్టుకుని మ్యాపు తెరిచాడు. ఫోనులో ఆడగొంతు నిమ్మళంగా, ఎవరినీ ఎగతాళి చేయకుండా, కుడికి తిరగమంటే కుడికి, ముందుకు పొమ్మంటే ముందుకు, వాళ్ళను నేరుగా వెంచరు కమాను దాకా తీసుకుపోయింది. అంత సులువుగా తీసుకుపోయినందుకే మల్లేశ్వర్‌కు దాని మీద ఇంకా మంట పుట్టింది.

వెంచరులో అన్ని రోడ్లూ ఒకటే తీరు. అన్ని ప్లాట్లకూ అవే తెల్లరాళ్ళు, అదే గడ్డి. ఫోను “ఇంకొంచెం ముందుకు” అంటోంది. మల్లేశ్వర్ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు. ఆయనకు అప్పుడు కనబడింది. ఒక ప్లాటు ఈశాన్యం మూలన పసుపు, కుంకుమ, కొట్టిన కొబ్బరికాయ చిప్పలు, కోసిన నిమ్మకాయ, ఇంకా వాడని బంతిపూలు.

“ఆపు! ఆపురా శివా! వచ్చేసినం.”

“అన్నా, ఫోను ఇంకా ముందుకంటున్నది.”

“ఫోనుకు కండ్లున్నయా? గా ఎర్రబొట్టు నీ ఫోన్ల ఉంటది, అసలు బొట్టు గిక్కడ భూమ్మీద ఉన్నది సూడు. ఎన్ని బోర్లేసిన నేను? పాయింటు పెట్టిన కాడ పసుపు కుంకుమ లేకుండ ఎవడన్న బోరేయించిండా?”

నిజమే, ఆయన వేయించిన బోర్లన్నిటి దగ్గరా ఇదే ఆనవాలు. పాయింటు చూసిన వాడు రాయి పెడతాడు, ఇంటివాళ్ళు పసుపు రాసి కొబ్బరికాయ కొడతారు, లారీ వచ్చి అక్కడ రాడ్డు దించుతుంది. మూల కూడా అదే మూల. శివ దిగి చూసి తల గోక్కున్నాడు.

“మరి గీ ఇటుకలెందుకన్నా? ఐదు ఇటుకలకు పసుపు రాసి పెట్టిన్రు. మట్టి గూడ తవ్వి పూడ్చినట్టున్నది.”

“భక్తి ఎక్కువుంటది కొందరికి” అన్నాడు మల్లేశ్వర్. ఇటుకలను రెండు చేతులా తీసి, కళ్ళకద్దుకుని, పక్కన వరసగా పేర్చాడు కూడా.

ఇక్కడ ఆయన బుర్ర ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. లారీ ఆగింది గానీ బుర్ర ఆగలేదు. హోటలు ముందు పోయిన పరువు ఇక్కడ దొరికిందన్న సంతోషంలో ఉంది అది. ఫోను చెప్పింది కాదు, తను చూసింది నిజమని తేలాలి. అంతే.

రాడ్డు దిగింది. బూడిద రంగు రాతిపొడి లేచి చుట్టుపక్కల గడ్డిని తెల్లగా చేసింది. మధ్యాహ్నం దాటింది. పైపు మీద పైపు దిగుతూనే ఉంది. మల్లేశ్వర్ మొహాన రుమాలు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఎయిర్‌పోర్టుకు దిగే విమానం ఒకటి తల మీదుగా పోయింది. దాని మోత సద్దుమణిగేలోపే భూమిలో ‘గళగళ’మని ఇంకో మోత పుట్టి, బురదనీళ్ళు తాటిచెట్టెత్తు లేచాయి.

“పడ్డయ్!” అని అరిచాడు మల్లేశ్వర్. లుంగీ ఎగ్గట్టి ఆ నీళ్ళలోకి దూకి చిందులు వేశాడు. తల నుంచి కాలి దాకా బురద. ఆయన తనలో తాను అనుకున్నాడు: ఇక సునీలకు ఇల్లు వచ్చినట్టే. లీలమ్మ నోరు మూసినట్టే.

అప్పుడే రోడ్డు చివర ఆటో దిగి, లారీ వాళ్ళకు బగారన్నం, కోడికూర టిఫిన్లలో పట్టుకుని జ్ఞానదాసూ లీలమ్మా నడిచి వస్తున్నారు. వాళ్ళు లారీ దాకా వచ్చారు. ఆగలేదు. లారీ దాటి ముందుకు పోబోతుంటే జ్ఞానదాసు బురదలో ఉన్న మనిషిని చూసి గుర్తుపట్టాడు.

“ఏ మల్లేశా! నువ్వేంది గిక్కడ? ఎవరిదిరా ఈ బోరు? మస్తు నీళ్ళు పడ్డయ్, దేవుడు మంచిగ సూసిండు వాళ్ళను. అయితే మన కాడికి ఎప్పుడొస్తవ్?”

మల్లేశ్వర్ చిందు గాలిలోనే ఆగింది. ఒక కాలు ఇంకా పైనే ఉంది.

“మీ... మీది గాదా ఇది?”

“మాది గాడ ముందల. వేపకట్టె పాతి నీలి గుడ్డ కట్టిన సూడు.”

బోరులో నీళ్ళు పడ్డాయి, మల్లేశ్వర్ నీళ్ళు నమిలాడు. రోడ్డు మీద మోటారుసైకిలు ఆగిన చప్పుడు. వెనక మేస్త్రీని ఎక్కించుకుని ఒక మనిషి దిగాడు. హిమాయత్ సాగర్ దగ్గర ఉండే రాఘవేందర్. ఆ ప్లాటు ఆయనది. ఆ తెల్లవారుజామునే ముహూర్తం చూసి ఇంటికి శంకుస్థాపన చేసుకుని, ఇప్పుడు పునాది ముగ్గు పోయించడానికి మేస్త్రీతో వచ్చాడు. లారీని చూశాడు, గుంతను చూశాడు, పక్కన వరసగా పేర్చిన ఐదు ఇటుకలను చూశాడు.

“ఎవడ్రా నా పూజ మీదికెల్లి బోరేసింది?” ఆయన ఒక ఇటుకను చేతిలోకి తీసుకున్నాడు. “మా అమ్మ నడవలేదు, అయినా ఎత్తుకొచ్చి ఆమె చేతితోని పెట్టిచ్చిన. పంచలోహాలు, నవధాన్యాలు, వెండి నాగుపాము. అవేడున్నయిప్పుడు?”

శివ అసంకల్పితంగా గుంతలోకి తొంగిచూశాడు. అవి లోపలే ఉన్నాయి. చాలా లోపల.

మల్లేశ్వర్ నోరు తెరిచాడు. అందులోంచి ఏ మాట వస్తుందో ఆయనకే తెలియదు. వచ్చిన మాట ఇది: “నాదేం లేదన్నా. ఫోను గిట్లనే సూపెట్టింది. పిల్ల పెట్టిన లొకేషను తప్పు.”

అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ మాట అప్పటికే దాటిపోయింది. శివ ఏదో అనబోయాడు. మల్లేశ్వర్ చూపు అతని నోటికి మూత పెట్టింది. లీలమ్మకు ఇక కొత్తగా చెప్పాల్సిన పని లేదు. టిఫిను మరో చేతిలోకి మార్చుకుని కూతురికి ఫోను చేసింది.

“ఏం పెట్టినవే? ఏం పెట్టినవంట? పరాయోళ్ళ జాగల బోరేయించినవ్. నేను మొదటికెల్లి చెప్తలేనా? లొకేషనే తప్పు పెట్టేదానివి, ప్లాటు సూసి కొన్నవా, సూడక కొన్నవా? రా, వచ్చి ఈన కాళ్ళ మీద పడు!”

సునీల డ్యూటీ అయిపోయి బయలుదేరుతోంది. ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి కాసేపట్లోనే స్కూటీ మీద వచ్చేసింది, యూనిఫారం మీదే, మెడలో గుర్తింపు కార్డుతోనే. ఆ కాసేపూ మల్లేశ్వర్ బురద ఆరుతూ నిలబడ్డాడు. చల్లగా ఉండాల్సిన బురద ఒంటి మీద కాలింది. లోకజ్ఞానం ఉందని లొకేషనును కాదన్నాడు. ఇప్పుడు లోకం ముందు జ్ఞానమూ లేదు, జ్ఞానదాసు మొహం చూసే ధైర్యమూ లేదు. జ్ఞానదాసు ఆయన వైపు చూడటం లేదు. కొబ్బరిచిప్పల వైపు చూస్తున్నాడు. ఆ చూపు ఎంతకీ అక్కడి నుంచి కదలడం లేదు. ‘అర్థమైపోయింది వీనికి’ అనుకున్నాడు మల్లేశ్వర్. ‘తిట్టినా బాగుండు.’

సునీల వచ్చీ రాగానే తన ఫోను తెరిచి చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. ఆమెకు కనబడుతున్నది సరిగ్గానే ఉన్నట్టుంది గానీ, ఎదురుగా ఇంతమంది మొహాలు చూశాక తన కళ్ళ మీదే నమ్మకం పోయింది. రాఘవేందర్ ఎదుటికి పోయి చేతులు జోడించింది.

“సారీ అన్నా. నాదే తప్పైనట్టున్నది. నేను పెట్టినప్పుడు సిగ్నల్ సరిగ్గ లేకుండెనేమో.”

తర్వాత మల్లేశ్వర్ వైపు తిరిగింది. “పెద్దబాపూ, నా వల్ల నీకు మాటొచ్చింది. తిడితే నన్ను తిట్టమను, నిన్ను గాదు.”

పొద్దున పిన్నిని నీడలో కూచోబెట్టమని చెప్పిన మనిషి మల్లేశ్వర్. ఆ పిన్నుకు ఎండ తగలదు. కానీ ఈ పిల్ల ఎండలో నిలబడి, తను చేయని తప్పుకు చేతులు జోడిస్తోంది.

“శివా, ఆ ఫోనియ్యి” అన్నాడు.

“ఎందుకన్నా?”

“ఇయ్యిరా. అదే మాట్లాడుతది.”

పొద్దున వేసిన దారి ఫోనులో ఇంకా అలాగే ఉంది. మల్లేశ్వర్ దాన్ని రెండు చేతులతో, ఇందాక ఇటుకలను పట్టుకున్నట్టే, ముందుకు చాచి పట్టుకున్నాడు. “రాండ్రి. అందరు రాండ్రి. మేస్త్రీ, నువ్వు గూడ రా” అని నడవడం మొదలుపెట్టాడు. బురద కారుతున్న లుంగీ, ఆరి బిగిసిన మీసం. వెనక శివ, సునీల, రాఘవేందర్, మేస్త్రీ, లీలమ్మ, అందరికంటే వెనక జ్ఞానదాసు. ఊరేగింపు పోతున్నట్టు పోయారు. ఆ ఊరేగింపును ఎగతాళి చేయడానికి ఎవరికీ నోరు రాలేదు. ఫోను “ముందుకు” అంది. ప్లాట్లు దాటారు. ఫోను మళ్ళీ “ముందుకు” అంది. వేపకట్టె కనబడింది, దానికి నీలి గుడ్డ. మల్లేశ్వర్ కట్టె పక్కన కాలు పెట్టగానే ఫోనులో ఆ నిమ్మళమైన గొంతు అందరికీ వినబడేట్టు చెప్పింది: “మీరు మీ గమ్యస్థానానికి చేరుకున్నారు.”

దూరంగా రాఘవేందర్ ప్లాటులో నీళ్ళు ఇంకా గళగళమంటున్నాయి.

“విన్నరు గదా” అన్నాడు మల్లేశ్వర్, తల ఎత్తకుండా. “పిల్ల పెట్టింది సరిగ్గనే ఉన్నది. ఫోను గూడ సరిగ్గనే చెప్పింది. ఇంకా ముందుకు పో అన్నది. శివ గూడ అన్నడు. నేనే లారీ ఆపిచ్చిన.”

“మరి ఇందాక ఫోను తప్పంటివి?” అన్నాడు రాఘవేందర్.

“అబద్ధం చెప్పిన. పొద్దుగాల్ల పిన్నును పిన్ని అనుకున్న, పోరగాండ్లు నవ్విన్రు. పుట్టిన కాడ బాట తప్పి, చాయి హోటలు ముందల్కి మల్ల వచ్చిన, వాడు గూడ నవ్విండు. ఆ కోపం ఫోను మీద పెట్టుకున్న. నీ ప్లాటుల పసుపు కుంకుమ కనబడ్డది, కొబ్బరికాయ కనబడ్డది. గిదే పాయింటు అనుకున్న. ఇల్లు కట్టేటోళ్ళు గూడ అదే మూలన అట్లనే పెడతరని ఒక్క నిమిషం సోంచాయించలే. ఐదు ఇటుకలున్నయని శివ అడిగితే, భక్తి ఎక్కువన్న.” ఆయన ఫోనును శివ చేతిలో పెట్టాడు. “నీ పూజ మళ్ళ నేను చేయిస్తనన్నా. మీ అమ్మ కాడికి నేనే వచ్చి చెప్త, ఆమె చేయితోనే పెట్టిపిద్దం. రేపు పొద్దుగాల్ల ఈ కట్టె కాడ రాడ్డు దిగుతది. సునీలా, ఇందల నీ తప్పు ఏం లేదు బిడ్డా. లీలమ్మా, విన్నవా, ఏం లేదు.”

లీలమ్మ టిఫిను మూత సర్దింది. అది ఊడిపోలేదు, ఆమెకు చేతులకు ఏదో పని కావాలంతే.

అప్పటిదాకా వెనక నిలబడ్డ జ్ఞానదాసు నెమ్మదిగా ముందుకు వచ్చాడు. కోపంగా లేడు. అదే కష్టంగా ఉంది మల్లేశ్వర్‌కు.

“మల్లేశా, ఇన్నేండ్లు మా ఇంట్ల కూసోని తింటివి. మేము కొబ్బరికాయ కొడతమారా?”

మల్లేశ్వర్ నీలి గుడ్డ వైపు చూస్తూ అందరికీ వినబడేట్టు చెప్పాడు. “కొట్టరు. నాకెర్కే. నీ ఇంట్ల పసుపు బొట్టు పెట్టరని, నువ్వు కట్టె పాతి ప్రార్థన చేసుకుంటవని చిన్నప్పటి సంది ఎర్కే. అందరు నా లెక్కనే చేస్తరనుకున్న. నిన్ను గూడ నా లెక్కల కలుపుకున్న. గంతే అయింది, ఇంకేం కాలే.”